ఓవర్‌స్పీడ్ చలానా: కట్టాలా, కొట్లాడాలా?

ఫోన్‌కి ఓవర్‌స్పీడ్ చలానా మెసేజ్ వస్తే కొందరు అక్కడికక్కడే డబ్బు కట్టేసి మరచిపోతారు. కొందరు ఎప్పుడో డిస్కౌంట్ ప్రకటిస్తారులే అని ఏళ్ల తరబడి పక్కన పడేస్తారు. హెల్మెట్, పార్కింగ్ చలానాల విషయంలో ఈ రెండు పద్ధతులూ నడిచిపోవచ్చు. స్పీడు కేసు వేరు. దీని వెనక లైసెన్సు ఉంటుంది, పైగా వాదించుకునేందుకు దొరికే బలమైన పాయింట్లలో ఒకటి మొదటి పద్నాలుగు రోజుల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 112 వేగ పరిమితుల గురించి, సెక్షన్ 183 వాటిని దాటితే పడే శిక్ష గురించి. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం కార్లలాంటి తేలికపాటి వాహనాలకు జరిమానా రూ.1,000కి తగ్గకుండా రూ.2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు. రెండోసారి దొరికితే జరిమానాతో పాటు లైసెన్సు స్వాధీనం కూడా ఉంటుంది. చలానాలో కట్టమనే మొత్తాన్ని ఆయా రాష్ట్ర ప్రభుత్వం జీవోతో ఖరారు చేస్తుంది కాబట్టి రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా కనిపిస్తుంది. తెలంగాణ చలానాల్లో కనిపించే రూ.35 యూజర్ చార్జీ మాత్రమే, అది జరిమానాలో భాగం కాదు.

చలానా కట్టడాన్ని చట్టం భాషలో రాజీ అంటారు. అది సెక్షన్ 200 కిందికి వస్తుంది. రాజీ పడితే ఆ కేసు అక్కడితో ముగుస్తుంది, కోర్టుకు వెళ్లక్కర్లేదు. కానీ 2019 సవరణ ఇందులో ఒక మెలిక పెట్టింది. డబ్బు కట్టేసిన నేరం కూడా, మళ్లీ దొరికినప్పుడు ‘మొదటి నేరం’గా లెక్కలోకి వస్తుంది. లైసెన్సు మీద చర్యలు కూడా రాజీతో ఆగిపోవు. వెయ్యి రూపాయలు పోతే పోయాయి అనుకుని కట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు వాదించాలి, ఎప్పుడు కట్టేయాలి

బండి మీదే, నడిపింది మీరే, ఫొటో స్పష్టంగా ఉంది, ఇంతకుముందు స్పీడు కేసు లేదు. అలాంటప్పుడు కట్టేయడమే మంచిది. కోర్టుకు వెళ్లి జరిమానా తగ్గించమని అడిగినా, నేరం రుజువైతే రూ.1,000 కంటే తక్కువ వేసే వీలు సెక్షన్ 183లో లేదు. లాయరు ఫీజు, సెలవు పెట్టిన రోజుల జీతం కలిపితే ఎటూ నష్టమే. మొత్తం తగ్గాలనుకునేవారికి లోక్ అదాలత్ ఉంది; అక్కడ జరిగేది కూడా రాజీయే.

గట్టిగా నిలబడాల్సిన సందర్భాలు వేరు. బండి మీది కాకపోయినా, నంబర్ తప్పు చదివినా, ఆ రోజు నడిపింది మరొకరైనా, రెండో కేసై లైసెన్సుకు ముప్పు వచ్చినా, డ్రైవింగే మీ ఉపాధి అయినా కట్టే ముందు ఆగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చలానాలో సెక్షన్ 183 పక్కన 184 కూడా ఉంటే తొందరపడి కట్టొద్దు.

184 అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సెక్షన్ 200 ప్రకారం 184లో రాజీకి వీలున్నది చేతిలో ఫోన్ పట్టుకుని నడిపిన కేసుకు మాత్రమే. అతివేగాన్ని 184 కింద రాస్తే రాజీ కుదరదు, అది కోర్టులో తేలాలి. పైగా 184 నిలబడాలంటే మీటర్‌లో కనిపించిన అంకె ఒక్కటే సరిపోదు. ఆ సమయంలో రోడ్డు ఎలా ఉంది, రద్దీ ఎంత, ఎవరికి ప్రమాదం కలిగే పరిస్థితి వచ్చింది అన్నవి చూపాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 కింద ర్యాష్ డ్రైవింగ్ కేసు పెట్టినా ఇంతే. వేగంగా నడిపినంత మాత్రాన నిర్లక్ష్యమో దుడుకుతనమో రుజువైనట్టు కాదని 1998లో స్టేట్ ఆఫ్ కర్ణాటక వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 281కి ముందు అమల్లో ఉన్న పాత ఐపీసీ 279 కేసుల్లో లాయర్లు పదేపదే చూపించే తీర్పు ఇది.

పద్నాలుగు రోజుల లెక్క

సెక్షన్ 209 గురించి చాలామందికి తెలియదు. 183 లేదా 184 కింద శిక్ష వేయాలంటే మూడిట్లో ఒక్కటైనా జరిగి ఉండాలని అది చెబుతుంది. నేరం జరిగిన సమయంలోనే ‘నీ మీద కేసు పెట్టే విషయం పరిశీలిస్తాం’ అని హెచ్చరించి ఉండాలి. లేదా 14 రోజుల్లోగా నేరం ఏమిటో, ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగిందో రాసిన నోటీసు డ్రైవర్‌కో రిజిస్టర్డ్ యజమానికో అందాలి, కనీసం రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉండాలి. లేదా 28 రోజుల్లోగా సమన్లు అందాలి.

రోడ్డు మీద ఆపి చలానా రాస్తే మొదటి షరతు తీరిపోయిందని పోలీసులు వాదిస్తారు, కాబట్టి అక్కడ ఈ పాయింట్‌కి పెద్ద బలం ఉండదు. కెమెరా చలానాల్లోనే ఇది పనికొస్తుంది. కెమెరా కేసులకు 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ వర్తిస్తుంది. దాని ప్రకారం నోటీసు 15 రోజుల్లో పంపాలి. చట్టంలో 14, నియమంలో 15. ఒక్క రోజే తేడా అయినా చట్టమే నియమానికి పైది, కాబట్టి 14నే పట్టుకోవాలి. అయితే ఎస్ఎంఎస్ వచ్చినా నోటీసు అందినట్టేనని అవతలి పక్షం అంటుంది. చట్టంలో ఉన్నది ‘అందజేయడం’, ‘రిజిస్టర్డ్ పోస్టు’ అన్న మాటలేనని మీ పక్షం అనాలి. ఇది వాదనకు నిలిచే పాయింటే, కానీ కేసు మొత్తం దీని మీదే నడిపించొద్దు.

ఇదే సెక్షన్‌లో మినహాయింపూ ఉంది. మీ వైపు తీరు వల్లే నోటీసు అందకపోతే ఈ రక్షణ దక్కదు. ఇల్లు మారి ఏళ్లైనా ఆర్సీలో పాత చిరునామా, పాత మొబైల్ నంబరే ఉంచుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చిరునామా మారిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని సెక్షన్ 49 చెబుతోంది. ఆ పని ఎవరూ గుర్తుచేయరు, మనమే చేసుకోవాలి.

మెసేజ్ వచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. అది వచ్చిన తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పోస్టులో వస్తే కవరు పారేయొద్దు, దాని మీదున్న తపాలా ముద్ర తేదీ రేపు సాక్ష్యం. ఇంకో జాగ్రత్త: మెసేజ్‌లోని లింకు నొక్కొద్దు. చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్‌ని ఎక్కించేవి) ఫోన్‌లోకి చొరబడే మోసాలు. ప్రభుత్వ పోర్టల్‌ని మీరే తెరిచి వాహనం నంబర్, ఛాసిస్ లేదా ఇంజన్ నంబర్ చివరి ఐదు అంకెలు కొట్టి చూసుకోండి.

చలానాని ఎలా చదవాలి

167ఏ ప్రకారం కెమెరా చలానాలో నేరాన్ని, నంబర్ ప్లేటునీ స్పష్టంగా చూపే ఫొటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షన్ ఉండాలి. ఎలక్ట్రానిక్ రికార్డు నిజమైనదేనని తెలిపే ధ్రువపత్రం కూడా ఉండాలి. నియమంలో పాత సాక్ష్య చట్టం 65బీ(4) అని రాశారు. ఇప్పుడు దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ఉంది. యంత్రానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా నిఘా ఉన్న రోడ్డు మొదలయ్యే ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి.

ఫొటోని పెద్దది చేసి చూడండి. లేజర్ గన్ ఫొటో అయితే మధ్యలో గురి గుర్తు ఉంటుంది. అది మీ నంబర్ ప్లేటు మీదో, బండి ముందు భాగం మీదో ఉండాలి. లేజర్ కిరణం సన్నగానే మొదలైనా దూరం పెరిగేకొద్దీ వెడల్పవుతుంది. మామూలు గన్‌లో 300 మీటర్ల దగ్గర దాదాపు 90 సెంటీమీటర్లు. ఫొటోలో దూరం 300 మీటర్లకు పైగా ఉండి, పక్కపక్కనే రెండు బైకులుంటే, కొలిచింది ఎవరి వేగం అన్న ప్రశ్న న్యాయమైనదే. రాడార్ గన్ కిరణం ఇంకా వెడల్పు. దగ్గర్లో లారీ ఉంటే దాని ప్రతిధ్వనే బలంగా రావచ్చు. ఫొటోలో ఒక్క బండే ఉంటే ఈ వాదన వదిలేయండి.

గన్ పక్క నుంచి కోణంలో పట్టారు కాబట్టి రీడింగ్ తప్పు అని చాలామంది అంటుంటారు. రోడ్డు పక్కన నిలబడి కొలిస్తే కోణం వల్ల రీడింగ్ తగ్గుతుందే గానీ పెరగదు. 20 డిగ్రీల కోణంలో 100 వేగం 94గా కనిపిస్తుంది. ఈ వాదన ఎత్తితే మీ అసలు వేగం ఇంకా ఎక్కువని మీరే చెప్పినట్టవుతుంది. ‘నా స్పీడోమీటర్‌లో 80 దాటలేదు’ అన్నదీ ఇలాంటిదే. కంపెనీ స్పీడోమీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా తయారవుతాయి, తక్కువ చూపకూడదన్నది ప్రమాణం. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించుకుంటే మాత్రం మీటర్ తక్కువ చూపుతుంది. ఆ తప్పు మన ఖాతాలోదే.

రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కగట్టిన చలానా అయితే కాగితం, పెన్ను తీసుకోండి. ఉదాహరణకు కెమెరాల మధ్య దూరం 12 కిలోమీటర్లు, పరిమితి 100 అనుకుందాం. 7 నిమిషాల 12 సెకన్ల కంటే ముందే దాటితే అతివేగం. 6 నిమిషాల 40 సెకన్లలో దాటితే సగటు 108. రెండు కెమెరాల గడియారాల మధ్య 30 సెకన్ల తేడా ఉంటే చాలు, అదే ప్రయాణం 100.5కి దిగివస్తుంది. కాబట్టి అడగాల్సింది రెండు కెమెరాల సమయం ఎలా సరిచూస్తున్నారు, దూరం ఎలా కొలిచారు అని.

ఇక పరిమితి సంగతి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద 100, పట్టణ రోడ్ల మీద 70 అని ఉంది. సరకు లారీలకు ఎక్స్‌ప్రెస్‌వే అయినా 80 మించకూడదు. ఇవి గరిష్ఠాలు మాత్రమే. రాష్ట్రం ఇంతకంటే తగ్గించవచ్చు, చాలాచోట్ల తగ్గించింది కూడా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే వరసను బట్టి కూడా మారుతుంది: 2023 నుంచి మొదటి రెండు వరసల్లో 120, మూడు నాలుగు వరసల్లో 80. చలానాలో 80 పరిమితి అని రాసి ఉంటే ఫొటోలో మీ బండి ఏ వరసలో ఉందో లెక్కపెట్టండి.

రాష్ట్రం పరిమితి తగ్గించాలంటే సెక్షన్ 112(2) ప్రకారం రెండు పనులు చేయాలి: గెజిట్‌లో నోటిఫికేషన్, రోడ్డు మీద తగిన చోట బోర్డు. నెలకు మించని తాత్కాలిక పరిమితికి మాత్రమే నోటిఫికేషన్ అక్కర్లేదు. బోర్డు చెట్టు కొమ్మల వెనక దాగిపోయినా, కెమెరా దాటాక ఉన్నా వెంటనే వెళ్లి వీడియో తీయండి. రెండు నెలలు ఆగితే కొమ్మలు కొట్టేస్తారు, బోర్డు మారుస్తారు.

కోర్టు దాకా వెళ్లకముందు

మొదట పోర్టల్‌లోనే అభ్యంతరం పెట్టాలి. నోటీసులో గడువు రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. రాష్ట్ర పోలీసు చలానా అయితే ఆ రాష్ట్ర పోర్టల్‌లో, లేదా ట్రాఫిక్ విభాగానికి రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. కోపతాపాలు, రోడ్ల గుంతల మీద విమర్శలు అందులో వద్దు. ఇలా రాస్తే చాలు:

‘చలానా నంబర్ ……, తేదీ ……. ఫొటోలో కనిపిస్తున్న వాహనం తెల్ల రంగు హ్యాచ్‌బ్యాక్. నా ఆర్సీలోని వాహనం బూడిద రంగు సెడాన్. పేర్కొన్న సమయంలో నా వాహనం …… టోల్ ప్లాజా దాటినట్టు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జతచేస్తున్నాను. చలానా రద్దు చేసి, రాతపూర్వక సమాధానం ఇవ్వగలరు. జతలు: ఆర్సీ కాపీ, బండి ముందు వెనక ఫొటోలు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్.’

ఎవరో మీ నంబర్ ప్లేటు పెట్టుకుని తిరుగుతున్నారని తేలితే చలానా రద్దుతో ఊరుకోకండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి రశీదు దాచుకోండి. రేపు ఆ బండి యాక్సిడెంట్ చేస్తే పోలీసులు మీ ఇంటికే వస్తారు.

బండి అమ్మేశాక వచ్చే చలానాల గొడవ వేరే. అమ్మినవారు 14 రోజుల్లోగా ఫారం 29తో రవాణా శాఖకు తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. సెకండ్ హ్యాండ్ డీలర్ రాసిచ్చిన డెలివరీ నోటు ఒక్కటే ఉంటే అధికారుల దృష్టిలో బండి ఇంకా మీదే. నడిపింది డ్రైవరో, బంధువో అయితే పోలీసులు అడిగినప్పుడు వారి పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత సెక్షన్ 133 యజమాని మీద పెట్టింది. ‘నాకు గుర్తులేదు’ అనడం చెల్లదు. సమాచారం దాచితే 179 కింద ఇంకో కేసు.

యంత్రం కాగితాలు రాబట్టాలంటే ఆర్టీఐ దరఖాస్తు ఉంది: రూ.10 ఫీజు, 30 రోజుల్లో సమాధానం. అడగాల్సినవి: యంత్రం సీరియల్ నంబర్, ఆ తేదీకి అమల్లో ఉన్న ఆమోద పత్రం కాపీ, ఆ రోడ్డు వేగ పరిమితి నోటిఫికేషన్ కాపీ, హెచ్చరిక బోర్డు ఉన్న చోటు. ‘ఎందుకు’తో మొదలయ్యే ప్రశ్నలు వేయొద్దు. ఆర్టీఐ కింద రికార్డులు దొరుకుతాయి గానీ సంజాయిషీలు దొరకవు.

కోర్టులో

వర్చువల్ కోర్టు (చలానాలను ఆన్‌లైన్‌లోనే తేల్చే కోర్టు) ఉన్న రాష్ట్రాల్లో కేసు ముందు అక్కడికి వెళ్తుంది. మొబైల్ నంబర్ లేదా చలానా నంబర్‌తో తెరిస్తే ప్రతిపాదిత జరిమానా కనిపిస్తుంది. కట్టడం, కేసు నడపడం అని రెండు ఆప్షన్లుంటాయి. రెండోది ఎంచుకుంటే కేసు ఆ ప్రాంతపు మామూలు మేజిస్ట్రేట్ కోర్టుకు బదిలీ అవుతుంది. అంటే 400 కిలోమీటర్ల దూరంలో చలానా పడితే వాయిదాలకూ అంత దూరం వెళ్లాలి. ఆప్షన్ నొక్కే ముందే దీని గురించి ఆలోచించుకోవాలి.

సెక్షన్ 208 కింద వచ్చే సమన్లలో స్వయంగా గానీ లాయరు ద్వారా గానీ హాజరు కావచ్చని, లేదా నేరం ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ ఉత్తరంతో డబ్బు పంపవచ్చని ఉంటుంది. ఏదీ చేయకుండా ఊరుకుంటే వారెంట్ వచ్చే అవకాశం ఉంది. వెళ్లినప్పుడు మేజిస్ట్రేట్ ఆరోపణ చదివి ఒప్పుకుంటారా అని అడుగుతారు. ‘ఒప్పుకుంటా సార్, కానీ ఆ రోజు అమ్మకి బాలేదు’ అంటే రికార్డులోకి వెళ్లేది మొదటి మాట ఒక్కటే. నేరం ఒప్పుకున్నాక శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న వాటి మీద తప్ప అప్పీలు ఉండదు. వాదించాలనుకుంటే ‘ఒప్పుకోను’ అని చెప్పి ఆగండి. మిగతాది సాక్షి వచ్చాక.

ఆ రోజు మీ చేతిలో ఉండే ప్రధాన ఆయుధం సెక్షన్ 183(3). ఒకే సాక్షి తన అంచనాగా ‘వేగంగా వెళ్తున్నాడు’ అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదు. ఆ అంచనాకు యంత్రం లేదా ఎలక్ట్రానిక్ పరికరం ఆధారం ఉండాలి. కాబట్టి క్రాస్ ఎగ్జామినేషన్ (అవతలి సాక్షిని మీ పక్షం ప్రశ్నించడం) అంతా యంత్రం చుట్టూ తిరగాలి. ఆ రోజు వాడిన గన్ సీరియల్ నంబర్ ఏది? ఆ తేదీన ఆమోద పత్రం అమల్లో ఉందా, కోర్టులో దాఖలు చేశారా? 63(4) ధ్రువపత్రం ఎవరిచ్చారు? పరిమితి నోటిఫికేషన్ ఏది? ఒక్కో ప్రశ్నకూ అవుననో కాదనో సమాధానం వచ్చేలా అడిగి ఆపేయాలి. ‘మరి మీరెలా చెప్పగలరు’ అని సాగదీస్తే సాక్షికి సర్దుకునే దారి మీరే ఇచ్చినవారవుతారు.

ఏళ్లనాటి చలానాకు ఇప్పుడు సమన్లు వస్తే ముందు తేదీలు చూడండి. జరిమానా మాత్రమే పడే నేరాలను ఆరు నెలల్లోగా కోర్టు విచారణకు స్వీకరించాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 514 చెబుతుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది. అలాగే చలానా అప్పట్లోనే కోర్టుకు చేరి ఉంటే గడువు మీరినట్టు కాదు. జైలు శిక్షకు వీలున్న 184 కలిసి ఉంటే ఈ ఆరు నెలల లెక్క వర్తించదు.

లైసెన్సు తీసుకుంటే

అతివేగం కేసులో పోలీసు అధికారి సెక్షన్ 206(4) కింద లైసెన్సు స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపవచ్చు. బదులుగా తాత్కాలిక రశీదు ఇస్తారు. దాన్ని చూపించి బండి నడపొచ్చని చాలామంది అనుకుంటారు, కానీ ఆ రశీదుతో నడిపే హక్కు లేదని అదే సెక్షన్ చెబుతోంది. నడిపితే లైసెన్సు లేకుండా నడిపిన కేసు, రూ.5,000.

తర్వాత లైసెన్సింగ్ అధికారి నోటీసు ఇచ్చి మీ మాట వినాలి. సెక్షన్ 19 ప్రకారం మొదటిసారికి మూడు నెలల అనర్హత, రెండోసారికి లైసెన్సు రద్దు. ఈ విచారణకు తప్పక వెళ్లండి, రాతపూర్వక వివరణతో వెళ్లండి. చలానా మీద పెట్టిన అభ్యంతరం పెండింగులో ఉంటే దాని కాపీ జతచేయండి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

ట్రావెల్స్, లారీ డ్రైవర్లకు ఇంకో మాట. పరిమితిలో నడిపితే చేరలేని టైం పెట్టి పంపిస్తే యజమాని కూడా 183(1) కింద నేరస్థుడే. అలాంటి టైంటేబుల్ లేదా ఆదేశమే అతని మీద ప్రాథమిక సాక్ష్యమని 183(4) చెబుతుంది. ‘ఆరింటికల్లా పాయింట్‌లో ఉండాలి’ అని వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి.

కేసు ఎలా ముగిసినా వారం తర్వాత పోర్టల్‌లో చూడండి. కోర్టు కొట్టేసినా అక్కడ ‘పెండింగ్’ అనే చూపిస్తుంటే తీర్పు సర్టిఫైడ్ కాపీతో ట్రాఫిక్ విభాగంలో దరఖాస్తు ఇచ్చి తీయించుకోవాలి. లేకపోతే బండి అమ్మే రోజు, బదిలీ చేయించే రోజు అదే చలానా మళ్లీ అడ్డు తగులుతుంది.